పాఠశాలా సంఘములు – గ్రామస్థుల బాధ్యత
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభదినమున లెక్కింపదగినవి రెండు గలవు. బీరువాలలో ఎన్ని పుస్తకములు చేరినవన్నది మొదటిది. ఆ పుస్తకములను చదువగలవారు గ్రామమున ఎందరు పెరిగినారన్నది రెండవది. మొదటి లెక్క గ్రంథాలయపు నమోదు పుస్తకములో దొరకును. రెండవ లెక్క పాఠశాలలో మాత్రమే దొరకును. బడి ముఖము చూడని బిడ్డ పెద్దదై గ్రంథాలయపు గడప త్రొక్కుట అరుదు. కావున గ్రంథాలయపు పండుగనాడు పాఠశాలను గూర్చి మాటలాడుట అప్రస్తుతము కానేరదు.

1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము తన 45వ అధికరణమున ఒక మాట ఇచ్చినది. పది సంవత్సరములలోపల, పదునాలుగేండ్లు నిండువరకు బాలబాలికలందరికిని ఉచిత నిర్బంధ విద్య గరపుటకు రాజ్యము ప్రయత్నింపవలెనన్నదే ఆ మాట. 1951 జనాభా లెక్కలనాటికి దేశమున అక్షరాస్యులు నూటికి పదునెనమండుగురు మాత్రమే. స్త్రీలలో నూటికి తొమ్మండుగురైనను లేరు. పదేండ్ల గడువు 1960 లో ముగిసినది. మాట మాత్రము నెరవేరలేదు. 2002 లో చేసిన 86వ రాజ్యాంగ సవరణవలన, ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల పిల్లలకు విద్య ప్రాథమిక హక్కు అయినది. దానికి అనుగుణముగా 2009 లో విద్యాహక్కు చట్టము వెలువడి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆశయము హక్కుగా మారుటకు అరువదేండ్లు పట్టినది.

2011 జనాభా లెక్కలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నందు అక్షరాస్యులు నూటికి అరువదియేడుగురు, స్త్రీలలో ఏబదితొమ్మండుగురు. ఇది గొప్ప ప్రగతియే. కాని మిగిలిన ముప్పదిముగ్గురు ఎవరన్న ప్రశ్న వేసికొనవలెను. వారు ఊరంతట సమముగా చెదరి యున్నవారు కారు. భూమిలేని కూలీల యిండ్లలో, ఊరికి దూరముగా విసరివేయబడిన వాడలలో, కొండలమీది గూడెములలో, పనికై ఊరు విడిచి వలసపోవు కుటుంబములలో వారు ఎక్కువగా నున్నారు. వారిలోను మగపిల్లలకంటె ఆడపిల్లలు ఎక్కువ. అవయవ లోపము గల బిడ్డల సంగతి చెప్పనక్కరలేదు. బడి అందరిదే, కాని అందరికిని సమానముగా అందలేదు.

ఈ అసమానత బడి హాజరుపట్టీలో కనబడదు. పట్టీలో పేరుండును, పేరు గల బిడ్డ పత్తిచేనులోనో, తమ్ముని ఎత్తుకొని యింటివాకిటనో యుండును. నాట్లకాలమున పెద్దపిల్ల బడి మానును. మిరపకోతలకు తల్లిదండ్రులు పొరుగు జిల్లాకు తరలినప్పుడు పిల్లలును వెంట పోవుదురు. రెండు నెలల పిమ్మట తిరిగి వచ్చుసరికి పాఠము ముందుకు పోయి యుండును. వెనుకబడిన బిడ్డ సిగ్గుపడును. సిగ్గుపడిన బిడ్డ బడి తప్పించుకొనును. ఇట్లు ఒక్కొక్క పేరు పట్టీలో నిలిచియుండగనే, ఒక్కొక్క బిడ్డ బడినుండి జారిపోవుచుండును. దీనిని పై అధికారి తన కార్యాలయమునుండి చూడలేడు. ఏ యింటి బిడ్డ ఏ పనికి పోయినదో ఊరివారికి తెలిసినట్లు మరియెవరికిని తెలియదు. పాఠశాలా సంఘమునకు మూలమైన ఆలోచన ఇదియే.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1998 లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యమునకై ఒక చట్టము చేసి, తల్లిదండ్రులు ఎన్నుకొను విద్యాకమిటీలకు రూపమిచ్చినది. పిమ్మట 2009 నాటి చట్టము దేశమంతటికిని వర్తించునట్లు 21వ సెక్షనునందు పాఠశాల యాజమాన్య కమిటీని నిర్దేశించినది. దానిలో సభ్యులు నూటికి డెబ్బదియైదుగురికి తక్కువ కాకుండ బడిలో చదువు పిల్లల తల్లిదండ్రులో, సంరక్షకులో కావలెను. మిగిలినవారు స్థానిక సంస్థల ప్రతినిధులు, ఉపాధ్యాయులు. మొత్తము సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. వెనుకబడిన, బలహీన వర్గముల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగినన్ని స్థానములుండవలెను. బడి నడచు తీరును పరిశీలించుట, పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసి సిఫారసు చేయుట, వచ్చిన నిధుల వినియోగమును కనిపెట్టియుండుట ఈ సంఘమునకు చట్టము అప్పగించిన పనులు. తెలుగు రాష్ట్రములలో కాలమునుబట్టి ఈ సంఘముల పేర్లును, ఎన్నిక విధానమును మారుచు వచ్చినవి. పేరు ఏదైనను, చట్టమందలి ముఖ్యాంశము ఒక్కటే: బడిలో ఎవరి బిడ్డ యున్నదో వారికే బడిమీద మాట చెల్లవలెను.

ఈ అంశమును శ్రద్ధగా గమనింపవలెను. ఒకప్పుడు ఊరిబడిలో మోతుబరి కొడుకును, పాలేరు కొడుకును ఒకే బడిలో చదివిన గ్రామములుండెడివి. బడి కప్పు కారినచో మోతుబరి గొంతెత్తెడివాడు. ఆ గొంతువలన పాలేరు బిడ్డకును లాభము కలిగెడిది. నేడు స్తోమత గలవారు తమ పిల్లలను పసుపుపచ్చని బస్సెక్కించి పట్టణపు బడులకు పంపుచున్నారు. అది వారి ఇష్టము. కాని వారితోపాటు వారి గొంతు సైతము ఊరిబడిని విడిచిపోయినది. మిగిలినవారు రోజుకూలిపై బ్రతుకువారు. అధికారి ఎదుట నిలిచి మాటలాడుట అలవాటు లేనివారు. ఎవరికి బడి అత్యవసరమో వారికే బడినిగూర్చి అడుగు శక్తి తక్కువైనది. పిల్లలు తగ్గిన బడికి ఉపాధ్యాయులు తగ్గుదురు. ఉపాధ్యాయులు తగ్గిన బడికి పిల్లలు మరల తగ్గుదురు. అట్టి బడి మూతపడిననాడు బస్సు ఖర్చు భరింపలేని యింటి ఆడపిల్ల చదువు మొట్టమొదట ఆగిపోవును. ఈ సంఘము బలముగా నుండుటకును లేకుండుటకును గల భేదము ఆ బిడ్డ బ్రతుకే.

అట్లయిన చట్టము వచ్చి ఇన్నేండ్లయినను పెక్కు గ్రామములందు ఈ సంఘములు కాగితముమీదనే యేల నిలిచిపోయినవి? కారణములు చిన్నవిగా కనబడును. సమావేశము పగటివేళ పెట్టుదురు. కూలికి పోవు తల్లి దానికి వచ్చినచో ఆనాటి కూలి పోవును. తీర్మానము ముందే వ్రాసి యుంచి, సంతకమో వేలిముద్రయో మాత్రము అడుగుదురు. ఏమి వ్రాసినారో ఆమెకు తెలియదు. సభ్యురాలు స్త్రీ యైనచో ఆమె బదులు భర్త వచ్చి కూర్చుండును. సమావేశమున కుర్చీలు కొందరికి, నేల కొందరికి అగును. నేలమీద కూర్చున్నవారికి నోరు రాదు. ఈ నాలుగు అడ్డంకులను చట్టము తొలగింపజాలదు, గ్రామస్థులే తొలగింపవలెను.

చదువురానివారు చదువుల బడిని నడపుటయా యని పరిహసించువారు కొందరు గలరు. పరీక్షించి చూచిన ఈ పరిహాసము నిలువదు. ఉపాధ్యాయుడు వేళకు వచ్చినాడా, మధ్యాహ్న భోజనపు పప్పు చిక్కగా నున్నదా, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీరున్నదా, తన బిడ్డ మూడవ తరగతిలో నున్నను తన పేరు వ్రాసికొనగలుగుచున్నదా – వీనిని కనుగొనుటకు పట్టము అక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1990 దశకపు తొలినాళ్లలో రాత్రిబడిలో అక్షరములు దిద్దుచు, తమ ఊరి సారా దుకాణమునుగూర్చి ఆలోచించినారు. వారు లేవదీసిన ఉద్యమము జిల్లాలు దాటి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధమునకు దారితీసినది. అక్షరము రానంతమాత్రమున ఆలోచన లేదని తలచువారికి ఆ స్త్రీలే సమాధానము.

వెనుకబడిన బిడ్డలకై సాటివారే పూనుకొని బడులు పెట్టిన చరిత్రయు మనకు గలదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ దళిత బాలబాలికలకై పాఠశాలలను స్థాపించి నడపినాడు. ప్రభుత్వపు చట్టము వచ్చువరకు ఆయన వేచియుండలేదు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి ఎం.వి. ఫౌండేషన్ శాంతాసిన్హా నాయకత్వమున పనిలోనున్న పిల్లలను బడికి చేర్చు కార్యము చేపట్టినది. పేదవాడు బిడ్డను బడికి పంపడన్నది అపోహ యని ఆ కార్యము చూపినది. పనిమాన్పించిన పిల్లలను కొంతకాలము శిబిరములందుంచి, వయస్సునకు తగిన తరగతికి సిద్ధపరచి, బడిలో చేర్పించినారు. గ్రామములోని యువకులు, ఉపాధ్యాయులు, పంచాయతీవారు కలిసి నిలిచినచోట ఆ పని నిలిచినది. వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెనని 2009 చట్టము 4వ సెక్షనునందు చెప్పుచున్నది.

ఇక సంఘము చేయవలసిన పని యేమి? మొట్టమొదట చేయవలసినది లెక్క. బడిపట్టీనుండి ఇంటికి పోక, ఇంటినుండి బడికి రావలెను. వాడవాడకు నడచి, గడపగడప నడిగి, ఆరు మొదలు పదునాలుగేండ్లలోపు పిల్లల పేర్లు వ్రాసికొనవలెను. బడికి రాని ప్రతి పేరు ప్రక్కను కారణము వ్రాయవలెను. వలసయా, ఇంటిపనియా, దూరమా, అవమానమా, అనారోగ్యమా? కారణము తెలిసినచో మార్గము తెలియును. టీ.సీ. లేదని గాని, పుట్టినతేదీ రుజువు లేదని గాని బిడ్డను చేర్చుకొనకుండుట చట్టవిరుద్ధమని తల్లిదండ్రులకు చెప్పవలెను. వలసపోవు కుటుంబముల పిల్లలను ఆ కాలమున ఊరిలోనే ఉంచుటకు ఏర్పాటు చేయుమని ముందుగనే అధికారులను కోరవలెను.

రెండవది సమావేశపు వేళ. నెలకొకసారి, కూలిపనులు ముగిసిన సాయంకాలమున కూడవలెను. అందరును ఒకే చాపమీద కూర్చుండవలెను. స్త్రీ సభ్యురాలి స్థానమున ఆమెయే కూర్చుండవలెను; మొదట మాటలాడు అవకాశము ఆమెకే యియ్యవలెను. మూడవది తీర్మానము. వ్రాసినదానిని బిగ్గరగా చదివి వినిపించిన పిమ్మటనే సంతకములు గైకొనవలెను. వచ్చిన నిధి ఎంత, అయిన ఖర్చు ఎంత, మిగిలినది ఎంత యని మూడు వరుసలలో బడి గోడమీద వ్రాయించినచో అనుమానములకు తావుండదు.

నాలుగవది ఉపాధ్యాయునితో సంబంధము. సంఘము ఉపాధ్యాయునిమీద పెత్తనము చేయుటకు ఏర్పడినది కాదు. ఐదు తరగతులకు ఇద్దరే యున్న బడిలో ఆయన కష్టము సామాన్యము కాదు. మూడవ ఉపాధ్యాయుడు రావలెనన్నను, గది కావలెనన్నను ఆయన ఒంటరిగా వ్రాసిన లేఖకంటె గ్రామము చేసిన తీర్మానమునకు బలమెక్కువ. వేళకు రాని ఉపాధ్యాయుని అడుగుట ఎంత ధర్మమో, శ్రద్ధగా చెప్పు ఉపాధ్యాయునికి అండగా నిలుచుట అంత ధర్మము. అదేవిధముగా సంఘము పార్టీల పోటీకి వేదిక కారాదు. ఎన్నికలలో ఓడినవాని బిడ్డయు, గెలిచినవాని బిడ్డయు ఒకే పలకపై దిద్దుదురు.

ఇందులో గ్రంథాలయమునకు గల పాత్ర చిన్నది కాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణవలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో పాఠశాలలును గ్రంథాలయములును రెండును గలవు. ప్రతి బడిలోను పుస్తకములు, పత్రికలు గల గ్రంథాలయముండవలెనని 2009 చట్టపు షెడ్యూలు నిర్దేశించుచున్నది. ఈ రెండును పొరుగిండ్లు. గ్రంథాలయము పాఠశాలా సంఘమునకు సాయంకాలపు చావడి కాగలదు. చదువుకొన్న యువతియో యువకుడో తీర్మానములను వ్రాసి, చదివి వినిపింపగలరు. చట్టములోని ముఖ్యాంశములను తేటతెలుగున వ్రాసి గోడకు అంటింపవచ్చును. ఇంట దీపపు వెలుగు గాని, చోటు గాని లేని పిల్లలు రాత్రి రెండు గంటలు ఇక్కడ కూర్చుండి చదువుకొనవచ్చును. బడికి పోని బిడ్డ మొదట బొమ్మల పుస్తకమునకై ఇక్కడికి రావచ్చును. ఇక్కడినుండి బడికి దారి దగ్గరయే.

గ్రంథాలయోద్యమపు పెద్దలు ఈ దారి ముందే చూపినారు. 1914 ఏప్రిల్ 10 న బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధులను సమావేశపరచిన అయ్యంకి వెంకటరమణయ్య, గ్రంథాలయమును ఊరూర నెలకొల్పుటకై జీవితమును ధారపోసినాడు. పాతూరి నాగభూషణము 1935 లో పడవపై పుస్తకములను పెట్టి, కాలువ వెంట గ్రామములకు కొనిపోయినాడు. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే పోవలెనన్నది ఆ పడవ నేర్పిన పాఠము. తల్లిదండ్రులు రాలేనిచో సంఘమే వారి వాడకు పోవలెను. బిడ్డ రాలేనిచో బడియే ఆ బిడ్డను వెదుకుకొని పోవలెను.

ఈ కార్యమునకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక చాప, ఒక దీపము, ఒక తీర్మానముల పుస్తకము, నెలకొక సాయంకాలము చాలును. రజతోత్సవపు తోరణములు వాడిపోవకముందే వాడవాడల పిల్లల లెక్క మొదలుపెట్టుట ఈ ఉత్సవమునకు తగిన కానుక. మరి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపునాడు, నేడు పట్టీలో పేరు మాత్రమే యున్న పిల్ల ఈ సభలో కూర్చుండి, తన చేతిలోని పుస్తకమును తానే చదువుకొనవలెను. అట్టి పిల్లలు ఎందరుందురో ఆ లెక్కయే ఈ గ్రంథాలయమునకు నిజమైన సంపద.

శుభమ్.