పొరుగువాడెవ్వడు?



క్రిస్మసు దినములలో జరుగుచున్న యీ సభలో క్రైస్తవ కారుణ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఈ సభయందు హిందువులు, క్రైస్తవులు, ముస్లిములు కలిసి కూర్చుండి యున్నారు. కావున నేను మతబోధకు పూనుకొనుట లేదు. క్రైస్తవులు తమ గురువువద్ద నేర్చిన పాఠమొకటి మన తెలుగునాట ఎట్లు ఆచరణలోనికి వచ్చినదియు, మనము కొలువున్న యీ సూరతు నగరమున దానితో మనకేమి పని కలదో అదియు మాత్రమే విన్నవించెదను.

లూకా సువార్తలో ఒక కథ యున్నది. ధర్మశాస్త్రము చదివిన పండితుడొకడు యేసును సమీపించి, తాను ప్రేమింపవలసిన పొరుగువాడెవ్వడని ప్రశ్నించెను. యేసు దానికి నిర్వచనము చెప్పక ఒక కథ చెప్పెను. యెరూషలేము నుండి యెరికోకు పోవు దారిలో ఒక బాటసారిని దొంగలు కొట్టి, దోచుకొని, కొనయూపిరితో విడిచిపోయిరి. యాజకుడొకడు చూచి ప్రక్కగా తొలగిపోయెను. లేవీయుడొకడును అట్లే పోయెను. తరువాత వచ్చిన సమరయుడు ఆగి, గాయములు కట్టి, తన వాహనముపై నెక్కించుకొని, సత్రమునకు చేర్చి, రెండు దేనారములు సత్రపువాని చేతబెట్టి, తక్కిన ఖర్చు తిరిగి వచ్చునప్పుడు చెల్లింతునని చెప్పి తన దారిన తాను పోయెను.

నేడు సమరయుడనగా మంచివాడని అర్థము స్థిరపడినది. ఆ కథ విన్న నాటి యూదులకు మాత్రము ఆ మాట చెవికి ముల్లువంటిది. యూదులకును సమరయులకును తరతరముల వైరము. తాము దూరముగా నుంచిన జాతివానినే యేసు కథానాయకుని చేసెను. చివరకు ప్రశ్ననుగూడ తిరుగవేసెను. నా పొరుగువాడెవ్వడని పండితుడడుగగా, ఆ బాటసారికి పొరుగువాడైనవాడెవ్వడని యేసు అడిగెను. మనము ఎవరికి దయ చూపవలెనని జాబితా వ్రాసికొనుట మొదటి ప్రశ్న. మనము ఎవరికి దగ్గర కాగలిగితిమని లెక్క చూచుకొనుట రెండవది.

ఈ కథలో మనవంటి ఉద్యోగస్థులకు పనికివచ్చు మరొక విషయమున్నది. సమరయుడు సన్న్యసింపలేదు, తన ప్రయాణము మానుకొనలేదు. మరునాడు తన పనిమీద తాను వెళ్లెను. కొంత కాలము, కొంత ధనము, తన వాహనముపై కొంత చోటు ఇచ్చెను. నిత్యజీవితములో సాధ్యమగు దయ యిదియే. అన్నిటిలో కష్టమైనది చోటిచ్చుట. చిల్లర పైసలిచ్చుట సులభము, ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట కష్టము.

మన దేశములో ఇది ఎట్లు నడచినదో రెండు ఉదాహరణములు చెప్పెదను.

మొదటిది ఒంగోలు. 1866లో అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ ఊరు చేరెను. తోళ్లవ్యాపారముతో ఊరూర తిరుగుచుండిన ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ కులస్థుడు ఆ ప్రాంతమున తనవారిలో మార్గదర్శియయ్యెను. ఈ మాదిగలను చేర్చుకొన్నచో మేము రాజాలమని పై కులములవారు దొరకు తెలియజేసిరి. పలుకుబడి కలవారు కావలెనా, లేక తలుపు తట్టినవారు కావలెనా యను ప్రశ్న అంతటితో తేలవలసి వచ్చెను. దొర తలుపు తట్టినవారినే చేర్చుకొనెను.

పదేండ్లకు 1876-78 నాటి మహాక్షామము వచ్చెను. మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనునది అదియే. యౌవనమున భూమి కొలతల పని నేర్చిన క్లౌ దొర, బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో సుమారు మూడున్నర మైళ్ల భాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని చూపెను. కూలి దొరకినచో ప్రాణము నిలుచును. అంటరానివారుగా ఎంచబడినవారికి అక్కడ కూలితోపాటు మర్యాదయు దొరకెను. అంతకంటె గొప్ప సంగతి యింకొకటి కలదు. కరవుకాలమంతయు ఆయన బాప్తిస్మములిచ్చుట నిలిపివేసెను. కూటికొరకు మతములో చేరుదురేమో యని శంకించి, అన్నమునకు షరతు పెట్టలేదు. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. మతాంతరమును గూర్చి మనలో భిన్నాభిప్రాయము లుండవచ్చును. కాని ఆకలిగొన్నవాని ముందు షరతు పెట్టరాదను నియమమును కాదనువారుండరు.

రెండవది నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లి. ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్‌గారును వెస్లియన్ మిషనుకు చెందినవారు. కుష్ఠురోగులను ఊరిబయటకు తరుముచుండిన కాలములో, 1915లో వారు అక్కడ ఆసుపత్రి నెలకొల్పిరి. దానికి చేయూతనిచ్చిన దాతలలో నిజామాబాదునకు చెందిన రాజా నర్సాగౌడుగారు ముఖ్యులు. ఆయన హిందువు. పడిపోయినవానిని ఎత్తుటకు ఒకరి చేయి, సత్రమునకు ఇచ్చుటకు మరొకరి ధనము కలిసినవి. అచ్చట చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా నిచ్చిరి. ఆ నూనె యెంత పనిచేసినను, కుష్ఠురోగిని చేతితో తాకి పలుకరించుట రోగికి అంతకుమించిన మందై యుండును.

1981లో ప్రపంచ ఆరోగ్యసంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసినది. నేడు ఆ వ్యాధి మందులతో కుదురును. చికిత్స మొదలైన కొలదికాలమునకే అంటు తగ్గిపోవును. ఐనను మన దేశములో కుష్ఠువ్యాధిని విడాకులకు కారణముగా చూపుటకు వీలిచ్చిన చట్టపు నిబంధనలు తొలగినది 2019లో మాత్రమే. మందు దొరకిన చాలకాలమునకు గాని చట్టము మారలేదు. మనస్సులు మారుటకు మరెంత కాలము పట్టునో, దానికి ప్రభుత్వోత్తరువు పనిచేయదు.

ఇంత చెప్పి, క్రైస్తవ సంఘములలో భేదములు లేకపోయెనని నేననినచో అది సత్యము కాదు. ఒకే దేవుని కొలుచుచు వేరువేరుగా కూర్చుండిన ఆలయములు మన తెలుగునాట నుండినవి. వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువ మహాకవి కులభేదపు చేదును ఇరువైపుల నుండి రుచిచూచెను. గుడిలో అడుగు పెట్టరాని మనుష్యుడు, గుడిలో స్వేచ్ఛగా తిరుగు గబ్బిలముచేత శివునికి విన్నపము పంపుకొన్న కథను ఆయన 1941లో కావ్యముగా వ్రాసెను. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చెను. తెలుగువారు ఆయనను సభలలో సన్మానించిరి. సన్మానము సులభము, సహపంక్తి యిన్నాళ్లు పట్టినది.

ఇక సూరతు. ఈ నగరము చిరకాలముగా పరదేశులకు చోటిచ్చిన రేవు. పారసీకులు, అర్మీనియనులు, డచ్చివారు, ఆంగ్లేయులు ఇక్కడ నిలిచి వ్యాపారము చేసిరి. 1815లో లండను మిషనరీ సంఘమువారు వచ్చి, గుజరాతీ భాష నేర్చుకొని, బైబిలును ఆ భాషలోనికి అనువదించి యిక్కడనే అచ్చువేసిరి. ఎదుటివాని భాష నేర్చుకొనుటయు ఒక విధముగా పొరుగువాడగుటయే.

1994 సెప్టెంబరులో ప్లేగు భయము వ్యాపించినపుడు లక్షలమంది యీ నగరమును విడిచి పారిపోయిరి. ప్రాణభయము సహజము, వారిని నిందింపరాదు. కాని ఆసుపత్రులలో నర్సులును, వీధులలో పారిశుధ్యపు పనివారును నిలిచి పనిచేసిరి. మరుసటి యేడు నగరపాలక కమీషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావుగారు తెలుగువారు. పెద్దవారి మేడల వీధులతోపాటు మురికివాడలకును రోడ్డు, పాయిఖానా, చెత్త యెత్తు ఏర్పాటు కావలెనని పట్టుపట్టి, సూరతును దేశములోని శుభ్రమైన నగరములలో నొకటిగా చేసిరి. ఒక వాడను వెలివేసి తక్కిన నగరము ఆరోగ్యముగా నుండజాలదని ఆ అనుభవము చాటినది. 2006 ఆగస్టులో తాపీనది పొంగినపుడు నీరు కులము, భాష, జీతపు శ్రేణి చూడలేదు.

ఇప్పుడు మన సంగతి. మనలో రైల్వేవారు, తపాలావారు, ఆదాయపు పన్ను, కస్టమ్సు శాఖలవారు, చమురు సంస్థవారు ఉన్నారు. పన్నుశాఖ మిత్రులకు ఒక శుభవార్త: యేసు పంక్తిలో కూర్చుండి భుజించినవారిలో సుంకరులుండిరి, శిష్యులలో నొకడైన మత్తయియు సుంకరియే. నాటి సమాజము వారితో భోజనము చేయుట అవమానముగా భావించినది. ఎవరికైనను ఏదోయొక కాలమున పంక్తి బయట నిలువవలసి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

మనము బదిలీమీద వచ్చి, మూడు నాలుగేండ్లుండి, మరల పోవువారము. లింబాయతు మొదలగు వాడలలో తెలంగాణమునుండి వచ్చిన పద్మశాలి కుటుంబములు తరములుగా మరమగ్గములమీద జీవించుచున్నవి. వారి పిల్లలకై నగరపాలకులు తెలుగు బడులనుగూడ నడుపుచు వచ్చిరి. సూరతులో తెలుగు మాటను నిలిపినది ముందుగా వారు. ఆ లెక్కన ఎవరు ఎవరికి అతిథులు? వారిని మన ఉగాదికి పిలువవలెనా యని మనము చర్చించుకొనుచున్నాము. వారి నగరములో వారికి మనము పొరుగువారమైతిమా యనునది అసలు ప్రశ్న.

సంఘపు నియమావళిలో సభ్యత్వము కేంద్ర ప్రభుత్వోద్యోగులకే అని యున్నదని కొందరనవచ్చును. నియమము ఉండనిండు. అతిథిని పిలుచుటకు నియమావళి అడ్డుపడదు. హాలులో చోటు చాలదనువారికి, సమరయుని వాహనముపైగూడ ఒక్కరికే చోటుండెనని మనవి చేయుచున్నాను.

కావున మూడు చిన్న పనులు సూచించెదను. వచ్చు ఉగాది విందులో తొలిబంతిలో మగ్గపు కుటుంబములును, వంటవారును, మన కార్యాలయములలో ఊడ్చువారును కూర్చుండవలెను, మనము వడ్డింపవలెను. నెలకొక ఆదివారము మనలో నలుగురు లింబాయతులో ఒక బల్ల వేసికొని కూర్చుండవలెను. పొదుపు ఖాతా, పింఛను, ఆధారు కార్డు ఫారములు నింపుట మనకు ఐదు నిమిషముల పని. వారికి అది ఒక దినపు కూలి. మూడవది, మన నాటకములలో కరీంనగరు యాసను, శ్రీకాకుళపు యాసను నవ్వుకై వాడు అలవాటు మానుకొని, ఆ పిల్లలకు వేదికమీద తమ మాటలోనే తమ పాట పాడుటకు అవకాశమీయవలెను.

ఈ పనులకు షరతులుండరాదు, ఛాయాచిత్రములును వలదు. ఒంగోలు కాలువగట్టున పాటించిన నియమమే యిక్కడను చాలును.

ఇంటిలో చేయవలసినదియు కొంత కలదు. ఇల్లు అద్దెకడుగ వచ్చినవానిని “మీరేమిటివారు?” అని అడుగకుందము. పనిమనిషికి వేరే గ్లాసు పెట్టకుందము. రెండు గ్లాసుల పద్ధతిని ఊరిలో విడిచివచ్చితిమని చెప్పుకొని, దానిని క్వార్టర్సు వంటింటి అలమరలో దాచియుంచుట తగదు. కార్యాలయపు కిటికీవద్ద ఫారము తలక్రిందులుగా పట్టుకొని నిలిచిన వృద్ధుని “రేపు రా” అనుటకు ముందు, కలము మన చేతిలోనే యున్నదని జ్ఞాపకముంచుకొందము. పిల్లలు మన ఉపన్యాసములు వినరు. మనము ఎవరికి కుర్చీ చూపుదుమో దానిని చూతురు.

ఈ సూచనలను వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు పెట్టవలసినదిగా కార్యదర్శిగారిని ప్రార్థించుచున్నాను. లింబాయతు బల్లవద్ద మొదటి ఆదివారమునకు నా పేరు వ్రాసికొనుడు. ఇంక ముగ్గురు కావలెను.