కృష్ణాజలము – కరెంటు



శ్రీశైలపు ఆనకట్ట వెనుక నిలిచిన కృష్ణలో కొల్లాపురపు సీమ గ్రామములెన్నో మునిగినవి. సోమశిల దేవాలయములను సైతము మెట్టకు తరలింపవలసి వచ్చినది. ఆ నీటితో కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్లు పుట్టింపగల యంత్రములు నెలకొన్నవి. అయినను చాలకాలము ఈ సీమ రైతు కరెంటు వచ్చెనాయని అర్ధరాత్రి మోటారు కడకు పరుగిడినవాడే. అట్లు పాముకాటునకు, తీగతాకిడికి బలియైనవారి లెక్క ఏ జమాబందికిని ఎక్కదు.

కారణమేమి? విద్యుత్తు గాదెలో పోసి దాచు ధాన్యము కాదు. పుట్టిన క్షణముననే ఖర్చు కావలయును. అడుగువారు మిక్కుటమై పుట్టువడి చాలనిచో తీగల వ్యవస్థయే కూలును. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములు చీకటి పాలగుటకు వాటాను మించి లాగుకొనుటయు నొక కారణము.

ఇచ్చటి కథ మరింత చిత్రము. భగీరథుడు గంగను దించెను. ఎల్లూరు కడ కృష్ణను ఎత్తవలసి వచ్చినది. కల్వకుర్తి ఎత్తిపోతలకు మూడు చోట్ల ఐదేసి పంపులు, ఒక్కొక్కటి 30 మెగావాట్లది. కరెంటునిచ్చిన నీరే కరెంటును త్రాగుచున్నది! టర్బైనులోనికి దిగిన నీరు ఈ సీమ పొలమునకు మిగులదు.

కావున పగటి ఎండతో పుట్టిన విద్యుత్తును పగటి పంపులకే కేటాయించి, జలాశయపు నీటిని సాయంకాలపు గిరాకికి దాచుట మేలు. ఎడమగట్టు యంత్రములు మిగులు కరెంటుతో దిగువ నీటిని మరల పైకెత్తుటకును ఉద్దేశింపబడినవే.

ఊరివారి వంతు పనియు కలదు. ఆటో స్టార్టర్లున్నచో కరెంటు రాగానే మోటార్లన్నియు ఒక్కమారు లేచును, ట్రాన్స్‌ఫార్మరు కాలును, పైరు ఎండును. వానిని తీసివేసి కెపాసిటర్లు బిగింపవలయును. కాలిన మోటారునకు తీగ చుట్టించు ఖర్చులో కెపాసిటరు వెల స్వల్పభాగమే.