కొనేవాడిది ఏ ఊరు?

దూరాల నుంచి వచ్చిన పరిశోధకులకు, ముఖ్యంగా పెడన నుంచీ నరసాపురం నుంచీ పని మానుకుని వచ్చిన పనివారికి నా ప్రత్యేక వందనాలు. మనలో చాలామందికి ఈ సదస్సు ఆన్‌డ్యూటీ. వాళ్లకు మాత్రం ఇక్కడ కూర్చున్నన్నాళ్లూ కూలి పోయినట్టే. ఆ సంగతి చర్చల్లో గుర్తుంచుకుంటే చాలు.

చిన్న వ్యాపారాలు కొత్తదారులు తొక్కుతూ పరదేశపు బజార్లలో ఎలా నెగ్గుకొస్తాయన్న విషయం మీద మాట్లాడమన్నారు. దీని మీద మేనేజిమెంటు పుస్తకాలు కుప్పతెప్పలుగా ఉన్నాయి. వాటి జోలికి పోను. మన తీరంలో నాలుగు వందల ఏళ్లకు పైగా ఇదే పని చేస్తున్నవాళ్లు ఉండగా ఆ అవసరం కూడా లేదు. సదస్సుకు వచ్చిన పత్రాల సంక్షిప్తాలు తిరగేశాను. ‘అపురూపం’, ‘వారసత్వం’, ‘అంతరించిపోతున్న’ అన్న మాటలు దాదాపు ప్రతి పత్రంలోనూ ఉన్నాయి. ధర, బయానా, బాకీ, బేరం అన్న మాటల కోసం వెతుక్కోవలసి వచ్చింది. అద్దకం చేసేవాడికి తన పని అందమైనదని మనం వెళ్లి చెప్పక్కర్లేదు. సరుకు ఎవరు కొంటారో చెబితే వింటాడు.

నా మాట సూటిగా చెప్పేస్తాను. మన చేతిపనివాళ్లు విదేశాల్లో నెగ్గినప్పుడల్లా వాళ్ల దగ్గర రెండు ఉన్నాయి. ఇతరులకు ఓ పట్టాన అంతుబట్టని పనిగుట్టు ఒకటి. కొనేవాడి ఇష్టాయిష్టాలు తెలిసి ఉండడం రెండోది. మొదటిది చాలాకాలం మనవాళ్ల చేతుల్లోనే ఉంది. రెండోది ముందే దళారుల చేతికి పోయింది. ఓటమి కథలు ఎక్కువగా అక్కడే మొదలయ్యాయి.

బందరు సంగతి చూద్దాం. గోల్కొండ సుల్తానుల రేవు అది. డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల ‘గ్లోబ్’ ఓడ 1611లో వచ్చింది. వాళ్లకు అసలు కావలసింది లవంగాలు, జాజికాయ. అవి దొరికేది ఇండోనేషియా దీవుల్లో. అక్కడ అమ్మేవాళ్లకు మన తీరపు బట్ట మీద మోజు. అందుకని ముందు ఇక్కడ బట్ట కొనుక్కుని, అక్కడికి తీసుకుపోయి దినుసులకు మార్చుకున్నారు. ఆ బట్ట కూడా అన్ని దేశాలకూ ఒకే రకం పోలేదు. సయాము రాజాస్థానానికి వాళ్ల దేవతామూర్తులు, వాళ్ల అంచులు ఉన్న బట్ట. పారశీకానికి మిహ్రాబు తోరణం, సైప్రస్ చెట్టు. యూరపుకు మంచం మీద పరుచుకునే పెద్ద దుప్పటి, దాని నిండా కొమ్మలు చాచిన పూలచెట్టు. జపానులో చిన్న చిన్న ముక్కల్ని కూడా అపురూపంగా దాచుకున్నారు. ఒకే తీరంలో, ఒకే రంగుల కుండల నుంచి ఇన్ని దేశాల అభిరుచులకు సరిపడా సరుకు తీశారు. ఇప్పటి కంపెనీలు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకుంటాయి.

ఇష్టాయిష్టాలు ఓడల మీద ఉత్తరాలుగా వచ్చేవి. 1643లో లండను నుంచి ఈస్టిండియా కంపెనీవాళ్లు రాసిన ఒక ఉత్తరం ప్రసిద్ధం. అది మన తీరానికి కాదు, సూరతుకు రాసింది. ముదురు ఎరుపు నేల ఉన్న దుప్పట్లు ఇక్కడ అంతగా పోవడం లేదు, తెల్లనేల ఎక్కువగా ఉంచి పూలు, కొమ్మలు మధ్యలో వేయించండని అందులో అడిగారు. నేను విద్యార్థులకు మొదట చెప్పేది ఈ ఉత్తరం గురించే. నమూనాలు వచ్చేవి, వాటిని చిత్రకారులు తమ చేతివాటం ప్రకారం మార్చేవాళ్లు, ఆ మార్పు చూసి అక్కడివాళ్లు మళ్లీ కొత్తది అడిగేవాళ్లు. ఇలా అటూ ఇటూ నడిచిన బేరంలోంచి పుట్టిందే మనం ఇవాళ సంప్రదాయ కలంకారీ అంటున్న పూలచెట్టు. అది పూర్తిగా మనదీ కాదు, వాళ్లదీ కాదు. స్వచ్ఛమైన సంప్రదాయం కోసం వెతికే మిత్రులకు ఇది రుచించకపోవచ్చు.

ఇక పనిగుట్టు. బందరు దగ్గరి పెడనలో ఏ అద్దకం బల్ల దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. బట్టను ముందు పేడనీళ్లలో నానేసి, ఉతికి, ఎండలో చలువ చేస్తారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరేస్తారు. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము పులియబెట్టి తీసిన ద్రవంలో అచ్చు అద్ది కొడితే, కరక్కాయ పట్టిన బట్ట మీద నలుపు తేలుతుంది. ఎరుపు సంగతి వేరు. ఎర్రపువ్వు రావలసిన చోట వేసేది పటిక. అచ్చు కొట్టినప్పుడు అక్కడ రాబోయే ఎరుపు జాడే ఉండదు. దాన్ని ఆరనిచ్చి, పారే నీళ్లలో జాడించి, రాగి డేగిసాలో ఎర్రరంగుతో కలిపి ఉడికిస్తే, పటిక పట్టిన చోట మాత్రమే ఎరుపు ఊరి నిలుస్తుంది. నిలవ నీళ్లలో జాడిస్తే వదిలిన పటిక పక్కకు అంటుకుని పువ్వు చెదిరిపోతుంది. అద్దకం వాళ్లు కాలవ గట్లు పట్టుకుని బతకడానికి కారణం ఇదే. ఆ ఎరుపుకు పూర్వం వాడింది చిరివేరు. ఇవాళ అలిజరిన్ అనే రసాయన రంగు వాడేవాళ్లు ఎక్కువ.

ఎన్ని ఉతుకులకూ పోని ఇలాంటి రంగు నూలు బట్ట మీద వేయడం ఆనాటి యూరపుకు చేతకాలేదు. చేతకానప్పుడు ఏం చేస్తారు? నిషేధిస్తారు. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లో, మళ్లీ మరింత గట్టిగా 1720లో చట్టాలు చేశాయి. ఫ్రాన్సు నిషేధం 1759 దాకా నడిచింది. కుటుంబమంతా కలిసి చేసే చిన్న కార్ఖానాల సరుకును ఆపడానికి రెండు పెద్ద రాజ్యాలు చట్టాలు చేయవలసి వచ్చిందంటే, ఆ పనికి అంతకు మించిన యోగ్యతాపత్రం ఎవరూ ఇవ్వలేరు.

ఒకపక్క నిషేధం, ఇంకోపక్క గూఢచర్యం. మన సభకు నేరుగా సంబంధించిన మనిషి ఒకరు ఇక్కడ వస్తారు. ఫాదర్ కేర్దూ అనే జెసూట్ మతగురువు. భాషాశాస్త్రం చదివినవాళ్లకు తెలిసిన పేరే. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్లకూ చుట్టరికం ఉందని విలియం జోన్స్ కంటే ముందే పారిస్ పండితులకు రాసినవాడు. తెలుగు నేర్చినవాడు. ఆయనే 1742లో తన దేశానికి మరో ఉత్తరం రాశారు. అందులో బట్టకు పాలు పట్టించడం దగ్గర్నుంచి రంగు ఉడకబెట్టడం దాకా అద్దకం పనంతా వరుసగా ఉంది. తన దగ్గర క్రైస్తవం పుచ్చుకున్న అద్దకంవాళ్లను అడిగి రాబట్టానని ఆయనే చెప్పుకున్నారు. తెలుగు నేర్చుకున్న పాశ్చాత్యుల్ని మనం సన్మానపత్రాల భాషలో తలుచుకుంటాం. ఆ భాష ఇలాంటి పనులకూ ఉపయోగపడింది. కేర్దూ మీద నాకు కోపం లేదు. ఆయన ఉత్తరం లేకపోతే ఆనాటి పని పద్ధతి మనకూ ఇంత వివరంగా తెలిసేది కాదు. మనవాళ్లెవరూ రాసిపెట్టలేదు మరి.

ఆ తర్వాత అంతా చకచకా జరిగింది. 1760లో పారిస్ దగ్గర జూయీలో ఓబెర్‌కాంఫ్ కార్ఖానా లేచింది. 1783లో ఇంగ్లండులో రోలరు అచ్చుకు పేటెంటు వచ్చింది. 1868లో జర్మన్లు అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. బందరుకైతే 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన సుమారు ముప్పై వేల ప్రాణాలు తీసుకుంది. యంత్రాలు వచ్చి చేతిపనిని చంపాయన్నది మనం పాఠాల్లో చెప్పే మాట. అందులో నిజం ఉంది, కానీ సగమే. యంత్రం రాకముందే కొనేవాడికీ చేసేవాడికీ మధ్య దుబాసీ, కంపెనీ గుమాస్తా నిలబడ్డారు. నమూనా వాళ్ల చేతిలో ఉంది, బయానా వాళ్ల చేతిలో ఉంది. లండనులో ఏ రంగు పాతబడిందో పనివాడికి తెలిసేది సరుకు తిప్పికొట్టినప్పుడే.

చీరాల తేలియా రుమాళ్ల సంగతి దీనికి కొంత భిన్నం. ఆముదపు కాయల బూడిద నీళ్లు, నూనె కలిపి నూలుకు రోజుల తరబడి పట్టిస్తారు. అప్పుడే ఎరుపు లోతుగా పడుతుంది. బట్ట నెలల తరబడి నూనె వాసన కొడుతుంది, మెత్తగా ఉంటుంది. అరబ్బు దేశాలలో తలగుడ్డగా, ఆఫ్రికా తూర్పు రేవుల్లో ఒంటిగుడ్డగా ఇది చెల్లింది. పాతవన్నీ గళ్లు, చుక్కలు. 1930లు వచ్చేసరికి వాటిలో గడియారం, విమానం దిగాయి. మగ్గం గుంటలో కూర్చున్న మనిషి నూలుకు ముడులు కట్టి రంగు పట్టించే చిటికి పనితో విమానం నేశాడంటే బజారు కబురు అతని దాకా వచ్చిందన్నమాట. ఇవాళ ఈ పని యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో బతికి ఉంది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు పేరును కాపాడుతుంది. మిల్లు బట్ట మీద అదే డిజైను అచ్చుకొట్టి సగం ధరకు అమ్మేవాణ్ణి ఆపడం దాని వల్ల ఎంతవరకు అవుతుందో పోచంపల్లి నేతగాళ్లను అడగండి. వాళ్లకు ఆ గుర్తింపు 2005 నుంచీ ఉంది.

పోచంపల్లి అన్నాను గనక చింతకింది మల్లేశం పేరు చెప్పకుండా ముందుకు పోలేను. చిటికి కట్టే ముందు నూలును మేకుల మీద అటూ ఇటూ తిప్పి ఆసు పోయాలి. ఒక్క చీరకే చెయ్యి వేల సార్లు ఆడాలి. ఆ పని ఇంటి ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టి ఆసు యంత్రం చేశారు, దానికి తల్లి లక్ష్మి పేరే పెట్టారు. పద్మశ్రీ వచ్చింది, సినిమా వచ్చింది. ఇన్ని సాంకేతిక సంస్థలున్న రాష్ట్రంలో ఆ యంత్రం ఆరో తరగతితో బడి మానిన నేతగాడి చేతుల్లోంచి రావడం మనం ఆలోచించుకోవలసిన సంగతి.

ఇప్పుడు నరసాపురం. ఇక్కడ కొంచెం ఆగుతాను. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లాలో లేసు అల్లిక నేర్పారు. అక్కడి నుంచి అది ఇంటింటి పనైంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ లేసు అల్లేవాళ్ల మీద 1982లో ఒక పుస్తకం వేశారు. ప్రపంచమంతా చదివిన పుస్తకం అది. తెలుగునాట ఎంతమంది చదివారో చేతులెత్తమని అడగను. అందులో ఆమె చూపించినది ఇది. ఒకామె పూలు మాత్రమే అల్లుతుంది. ఇంకొకామెది అతుకు పని. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, తయారైనది పట్టుకుపోతాడు. పూర్తి బల్లగుడ్డ ఎలా ఉంటుందో పువ్వు అల్లినామె చూడదు. అది ఏ దేశం పోతుందో, అక్కడ ఎంతకు అమ్ముతారో అసలే తెలియదు. రోజుకు ఆరేడు గంటలు అల్లేవాళ్లు కూడా పని చేస్తున్నామని అనుకోరు, ఊరికే కూర్చోకుండా ఏదో అల్లుకుంటున్నాం అంటారు. ఎగుమతిదారులు ఇళ్లు కట్టారు. అల్లేవాళ్ల కూలి మాత్రం కనీస వేతనం దరిదాపుల్లోకి రాలేదు.

నాకు ఇందులో బాధ కలిగించేది కూలి ఒక్కటే కాదు. వేల చేతుల్లో ఇంత నేర్పు ఉండి కూడా కొత్త డిజైను పుట్టడానికి వీల్లేకుండా పోయింది. ముక్క మాత్రమే చూసే మనిషి మొత్తాన్ని ఎలా ఊహించగలదు? చైనా యంత్రపు లేసు చవగ్గా దిగినప్పుడు నరసాపురం దగ్గర ధర తగ్గించడం తప్ప వేరే జవాబు లేకపోయింది. 2024లో నరసాపురం లేసుకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఇప్పుడైనా ఆ ఆడవాళ్లకు మొత్తం బల్లగుడ్డ చూపించి, ఇది కొనేది ఫలానా ఊరివాళ్లు, వాళ్లకు ఫలానాది నచ్చుతుంది అని ఎవరైనా చెబుతారా అన్నదే నా సందేహం.

ఏటికొప్పాకలో అలా చెప్పినవాళ్లు ఉన్నారు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో బొమ్మలు చేస్తారు. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మ మీద రసాయన రంగుంటే విదేశాల్లో కొనరన్న సంగతి పట్టుకుని సి.వి.రాజుగారు పసుపు, నీలి, జాఫ్రా గింజల రంగుల వైపు మళ్లారు, పనివాళ్లను మళ్లించారు. విదేశపు నిబంధనను అడ్డంకి అనుకోకుండా వాడుకున్నారు.

అయితే నిబంధన ఎప్పుడూ కలిసిరాదు. 2025 ఆగస్టు చివర అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం కొన్ని వారాలు ఆపవలసి వచ్చింది. కంటెయినరు నింపే ఎగుమతిదారు దాన్ని తట్టుకుంటాడు. డాలసులో ఉన్న తెలుగువాళ్లకు ఫోను మీదే చీర చూపించి, బేరం కుదుర్చుకుని, పోస్టాఫీసులో పార్సిలు కట్టే మనిషికి మాత్రం ఊపిరాడదు. నాలుగు శతాబ్దాల తర్వాత మధ్యలో ఎవరూ లేకుండా కొనేవాడి ముఖం చూసి మాట్లాడే వీలు వచ్చింది ఈ ఫోను వల్లే. దాని గురించి ఈ సదస్సులో ఒక్క పత్రం కూడా లేకపోవడం లోటు.

ఇక నేను కోరేవి రెండు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు పాత ఎగుమతిదారుల ఇళ్లలో ఉన్న ఖాతా పుస్తకాలు, నమూనా పుస్తకాలు, ఏజెంట్ల ఉత్తరాలు చిత్తుకాగితాల బండికి పోకముందే నకళ్లు తీయించాలి. తాళపత్రాలకు పడిన శ్రమలో పదో వంతు పడితే చాలు. రెండోది, లండను విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ ఇతర దేశాల మ్యూజియాల్లోనూ ఉన్న మన తీరపు బట్టల బొమ్మలు, కొలతలతో సహా, పెడనలో అచ్చులు చెక్కేవాళ్ల చేతికి చేరాలి. పరిశోధకులకు అవి ఎలాగూ దొరుకుతున్నాయి. అచ్చు చెక్కాలంటే టేకు చెక్క కావాలి, నమూనా కావాలి. చెక్క సంగతి వాళ్లు చూసుకుంటారు.