అరువు అమ్మకములు - నగదు వసూళ్ల అంచనా
(మహాసభయందు చేసిన ప్రసంగము)



వ్యాపారమునుగూర్చి నాలుగుమాటలు చెప్పుడని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. మన దుకాణములలో పెక్కింటికి చిక్కు వచ్చుట నష్టమువలనగాక, వేళకు చేతిలో నగదు లేకపోవుటవలననే యని మా యనుభవము.

ఒక దసరాకు మా వస్త్రదుకాణమున అమ్మకము మిక్కిలిగా జరిగినది. ఆవర్జాలో లాభము కనబడుచుండెను. ఇనుపపెట్టెలో రూకలు లేవు. వాయిదానాటికి మిల్లువారికి సొమ్ము చెల్లింపలేక, పెద్దలు సంపాదించిన పరపతికి లోపము తెచ్చుకొంటిమి. నాటినుండియే వసూళ్ల అంచనా వ్రాయ మొదలిడితిమి. ఆ పద్ధతి నిచ్చట మనవిచేయుచున్నాము.

గడచిన రెండుమూడేండ్ల ఖాతాలను తీసి, ఒక నెలలో అరువిచ్చిన సొమ్ము ఏయే నెలలో నెంత వచ్చినదో లెక్కింపవలెను. నూటికి 20 ఆ నెలలోనే, 50 మఱునెలలో, 25 మూడవనెలలో వచ్చి, 5 రాకపోయినవనుకొందము. అరువు అమ్మకములు ఆగస్టున 4 లక్షలు, సెప్టెంబరున 6 లక్షలు, అక్టోబరున 10 లక్షలు. అక్టోబరులో చేతికి వచ్చునది యెంత? ఆ నెల సొమ్ములో 2 లక్షలు, సెప్టెంబరు సొమ్ములో 3 లక్షలు, ఆగస్టు సొమ్ములో 1 లక్ష. వెరసి 6 లక్షలు. పదిలక్షలు అమ్మితిమను సంతోషమున 8 లక్షలు చెల్లింతుమని మాట యిచ్చినచో, 2 లక్షల వడ్డీయప్పునకు పరుగెత్తవలసినదే. నవంబరున అమ్మకము 3 లక్షలకు తగ్గినను, వసూలు 60 వేలు, 5 లక్షలు, లక్షన్నర కలిసి 7 లక్షల 10 వేలగును. అమ్మకము పెరిగిననాడు నగదునకు కొఱత, తగ్గిననాడు నగదు రాక; అరువు వ్యాపారపు స్వభావమే యిది.

పన్నును మఱవరాదు. 2017 జులై నుండి అమలులోనున్న జి.ఎస్.టి. ప్రకారము, నెలనెలకు లెక్క దాఖలుచేయువారు అక్టోబరు అమ్మకముల పన్నును నవంబరు 20వ తేదీలోగా కట్టవలెను. బాకీదారు సొమ్మిచ్చెనా లేదా యని ప్రభుత్వమువా రడుగరు.

ఇక మనలో మనము చెప్పుకొనవలసిన మాట యొకటి గలదు. బంధువులకు అరువిచ్చి, మొగమోటముచే అడుగక, ఆ సొమ్మును ప్రతినెల "వచ్చునది" అని వ్రాసికొనుచుందుము. అంచనాలో వ్రాయవలసినది వాగ్దానమును గాదు, వారి వాడుకను. సరకు బాకీకి మూడేండ్లలో వ్రాతమూలకమైన ఒప్పుకోలుగాని, కొంత చెల్లింపుగాని లేనియెడల, 1963 నాటి కాలపరిమితి చట్టముచే దావాకు వీలుండదు. మొగమోటమునకు కాలము ఆగదు.

మనము అమ్మువారమేగాక కొనువారము గూడ. నమోదైన సూక్ష్మ, చిన్న పరిశ్రమలవారికి ఒప్పుకొన్న గడువులో, ఎట్లైనను 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము విధించుచున్నది; తప్పినచో రిజర్వుబ్యాంకు ప్రకటించిన బ్యాంకురేటునకు మూడురెట్లు చక్రవడ్డీ. చట్ట మటుండ, మన ఆలస్యమే మఱియొక చిన్నవాని యింట కొఱత యగునని తలంపవలెను.

కావున ప్రతి దుకాణమున నొక కాగితముపై రానున్న మూడునెలల వసూళ్లు వ్రాసి, ప్రతి శనివారము వచ్చినదానితో సరిచూడుడు. తప్పిన అంకెను దాచక దిద్దుడు. మాట నిలుచుటకు మనసొకటియే చాలదు, లెక్కయు కావలెను.