తగిన బడి అంటే ఏది?

(ఆటిజం గల పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను, ఉపాధ్యాయుణ్ణి కాను. నగరపాలక కార్యాలయంలో అనువాదకుణ్ణి. ధ్రువపత్రాలను, ప్రకటనలను తమిళం నుండి తెలుగులోకి, తెలుగు నుండి తమిళంలోకి మార్చడం నా వృత్తి. ఈ విషయం మీద మీ ముందు నిలబడడానికి ఒక కాగితం కారణం.

ఉత్తర చెన్నైలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన ఒక తల్లి ఆ కాగితం చదివిపెట్టమని వచ్చింది. ఆమె కుమారునికి పద్నాలుగేళ్లు. ఆటిజంతో పాటు మేధో వైకల్యం, మూర్ఛ కూడా ఉన్నాయి. పలికే మాటలు పదికి మించవు. వచ్చే విడత నుండి అబ్బాయిని పంపవద్దని బడివారు చెప్పి, ఒక నివేదిక చేతిలో పెట్టారు. అందులో ఒక వాక్యం ఇది: అర్థం లేని ఒక శబ్దాన్ని పదే పదే పలుకుతాడు, ఆపై పక్కవారిని నెట్టివేస్తాడు. ఆ శబ్దాన్ని కూడా ఆంగ్ల లిపిలో వ్రాశారు. నేను చదివి వినిపించగానే ఆమె, "సార్, అది శబ్దం కాదు. వాడు 'సాలు' అంటాడు. గోల ఎక్కువైతే ఇంట్లోనూ అంతే" అన్నది.

పిల్లవాడు చాలునని మొరపెట్టుకున్నాడు. వినేవారికి తెలుగు రాదు. ఎవరూ ఆపకపోతే నెట్టాడు. నివేదికలో మొరకు చోటు దొరకలేదు, నెట్టడం మాత్రం మిగిలింది.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసినది ఒక్కటే. "మా అబ్బాయిని చేర్చుకుంటారా?" అన్నది మన మొదటి ప్రశ్న కాకూడదు. "మా అబ్బాయి చెప్పేది మీకు ఎలా తెలుస్తుంది?" అన్నది కావాలి.

చేర్చుకోవడానికి చట్టం ఉన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతానికి తగ్గలేదని ధ్రువపత్రం ఉంటే, 6 నుండి 18 ఏళ్ల వరకు సమీపంలోని బడిలో గాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదివే హక్కు ఉన్నది. ప్రభుత్వ గుర్తింపు గాని నిధులు గాని పొందిన విద్యాసంస్థలు వైకల్యం చూపి వివక్ష లేకుండా చేర్చుకోవాలి. "మా వల్ల కాదు" అని నోటితో చెబితే, ఆ మాట కాగితం మీద ఇవ్వమని కోరండి. రాష్ట్ర వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు చేయడానికి అది పనికివస్తుంది. తీవ్ర వైకల్యం గల పిల్లలకు ఇంటివద్ద విద్యను విద్యాహక్కు చట్టం అనుమతిస్తుంది. అయితే అది మనం ఎంచుకునే వెసులుబాటు, బడి తన బరువు దించుకునే దారి కాదు.

ఏ బడి తగినదో నిర్ణయించే ముందు పిల్లవాని శక్తులను కొత్తగా అంచనా వేయించండి. చెన్నై సమీపాన ముట్టుకాడులో బహుళ వైకల్యాల కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉన్నది. అంచనా జరిగేటప్పుడు ఇంటి భాష తెలిసినవారు పక్కన ఉండాలని పట్టుబట్టండి.

బడిని చూడటానికి మధ్యాహ్న భోజన వేళ వెళ్లండి. గోల, వాసన, తోపులాట అప్పుడే తెలుస్తాయి. ఈ ప్రశ్నలు అడగండి. గోల భరించలేని పిల్లవాడు ఎక్కడికి వెళ్లి కూర్చుంటాడు? మూర్ఛ వస్తే మొదటి ఐదు నిమిషాలు ఎవరు ఏమి చేస్తారు? మరుగుదొడ్డికి ఎవరు తోడు వెళతారు? ఇటీవల ఒక పిల్లవాడు కొట్టినప్పుడు ఏం చేశారు? ప్రత్యేక ఉపాధ్యాయులకు భారత పునరావాస మండలి నమోదు ఉన్నదా? ఈడు వచ్చిన పిల్లలకు అక్షరాలతో పాటు స్నానం, బట్టలు, డబ్బు, బస్సు ప్రయాణం నేర్పుతారా? ఎదిగే శరీరం గురించి, ఎవరు తాకవచ్చు, ఎవరు తాకరాదు అన్నదాని గురించి చెబుతారా?

మీరు ఒక పుట వ్రాసి తీసుకువెళ్లండి. పిల్లవాడు పలికే మాట లేదా చేసే సైగ, దాని అర్థం, అప్పుడు మీరు చేసే పని, ఈ మూడూ వరుసగా ఉండాలి. తమిళంలోకి మార్చేందుకు ఎవరి సహాయమైనా తీసుకోండి. ఇంట్లో తెలుగు మానేయమని కొందరు సలహా ఇస్తారు. రెండు భాషల నడుమ పెరగడం ఆటిజం పిల్లల భాషకు హాని చేస్తుందని పరిశోధనలు చూపలేదు. అమ్మతో మాట్లాడే భాష పోతే ఆ పది మాటలూ పోతాయి.

కాలం తక్కువ. ఉచిత విద్య హక్కు పద్దెనిమిదేళ్లతో ముగుస్తుంది. ఆ వయసు దాటితే తల్లిదండ్రులైనా తమంతట తామే చట్టబద్ధ సంరక్షకులు కారు. 1999 నాటి జాతీయ న్యాస చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన గల స్థానిక సంఘానికి దరఖాస్తు చేయాలి. పద్నాలుగో ఏటనే ఆ సంగతి తెలిసి ఉండటం మేలు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఒక ప్రత్యేక పాఠశాలకు వెళుతున్నాడు. మొదట పూట బడి, తరువాత పూర్తి బడి. నెట్టడం ఆగలేదు గాని తగ్గింది. అతని బల్ల దగ్గర గోడమీద ఉపాధ్యాయిని తమిళ లిపిలో "సాలు" అని వ్రాసి, కింద "గోల ఆపండి" అని తమిళంలోనే అర్థం వ్రాసింది. అతను ఆ మాట అంటే వాకిలి పక్కన గదిలోకి తీసుకువెళతారు.

మీ పిల్లవాని పుట ఈ రాత్రే మొదలుపెట్టండి. సెలవు.