మేతబీటి ముంగిట



ఎండిన గడ్డిపరకలను అట్టలపై చూచి, వాని లాటిన్ నామములను వల్లించి ప్రథమశ్రేణి గడించిన నేను, అనంతపురపు బీళ్లలో తొలిసారి అడుగిడినపుడు, వానలకు పచ్చబడిన యొక దిబ్బను చూచి చక్కని మేతయని ప్రశంసింపగా, ప్రక్కనున్న గొర్రెలకాపరి, “అది వెంపలి సామీ, గొర్రె మూతి పెట్టదు. గడ్డి పోయినాకనే అది లేచ్చాది” అని నవ్వెను. ఆ మాటలో ఇమిడిన శాస్త్రమును తరగతిలో నాకెవ్వరును చెప్పియుండలేదు. దానినే 1949లో అమెరికాలో డైక్‌స్టర్‌హుయిస్ అను శాస్త్రజ్ఞుడు, పశువులు ఏరి మేయుటచే తరుగు మొక్కలనియు, అవి తరిగినకొలది పెరుగునవనియు, చెడిన నేలను ఆక్రమించునవనియు మూడు తెగలుగా విభజించి ప్రకటించెను.

ఆ దేశముననే, 1930వ దశకపు ధూళి తుపానులతో మట్టి విలువ నెరిగిన ఒక్లహోమా రాష్ట్రమున, జాతీయ భూపరీక్షా పోటీలు 1952లో ఆరంభమైనవి; నేడు నేలతోపాటు పచ్చికబీళ్లకును అందు పరీక్ష గలదు. పాఠశాల బాలబాలికలు హద్దు కట్టిన చెక్కలో మోకాళ్లపై వంగి, ఆకు కాండమును చుట్టుకొనుచోట గల సన్నని పొరను పరిశీలించి, ఇది లిటిల్ బ్లూస్టెమ్ గడ్డియా కాదా యని తేల్చుకొందురు. అంతటితో ఆగినచో నది వట్టి వృక్షశాస్త్రమే యగును. ఆ బీటికే గోవుల నిమిత్తమొక తీర్పును, బాబ్‌వైట్ అను పూరేడుపిట్ట నిమిత్తము వేరొక తీర్పును వారు వ్రాయవలెను. రాగ్‌వీడ్ మొక్క విరివిగా మొలచినచో పశుపాలకుడు నొసలు ముడుచును; దాని గింజలకొరకే పూరేడు అచ్చటికి వచ్చును. ఒక్క మొక్కయెదుట రెండు సమాధానములు వ్రాయవలసివచ్చిన పదునైదేండ్ల బాలుడు, ‘మంచి నేల’ యనుమాట వినినంతనే ‘ఎవరికి?’ అని అడుగ నేర్చును. మన పరీక్షాపత్రములలో ఈ ప్రశ్నను నేనింతవరకు చూడలేదు.

ఒంగోలు జాతి యెద్దులను తీర్చిన సీమ మనది. చెంగలి గడ్డి విలువ నెరిగిన రైతులు మనవారు. అట్టివారికి మార్కులు వేసిన విశ్వవిద్యాలయము లేదు, వారిచే మార్కులు వేయించుకొనినదియు లేదు.

నేడు పట్టములందుకొనిన పశువైద్య, వ్యవసాయ విద్యార్థులారా, మీలో అధ్యాపకులు కాబోవువారికి నా విన్నపమొక్కటి. రాబోవు వానకాలమున మీ విద్యార్థులను ఊరి బీటికి కొనిపోయి పోటీ పెట్టుడు. న్యాయనిర్ణేతలలో ఒకరుగా ఆ యూరి గొర్రెలకాపరిని కూర్చుండబెట్టుడు.