ఆఖరి యాభై గజాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన కార్యదర్శి ఫోన్ చేసి, "పది నిమిషాలు మాట్లాడాలిరా, ఇంజినీరింగ్ గురించి మాత్రం వద్దు, జనం లేచిపోతారు" అన్నాడు. అందుకని గోల్ఫ్ గురించి మాట్లాడదామనుకున్నాను. మీరు నవ్వుతారని తెలుసు. గోలీలు, బిళ్ళంగోడు తప్ప వేరే ఆట ఎరగని బడిలో చదివినవాడికి గోల్ఫేమిటని మా ఆవిడ కూడా అడిగింది. ఉద్యోగం తీసుకెళ్లిన ఊళ్లో ఆ మైదానం ఉంది, నలభై దాటాక అలవాటైంది. అంతే.

ముందుగా ఒక పాత సంగతి. మన లెక్కల మాస్టారు ఇక్కడే ముందు వరుసలో కూర్చున్నారు. రెండు పేజీల లెక్క అంతా సరిగ్గా చేసినా, చివరి పంక్తిలో చదరపు మీటర్లు అని రాయకపోతే ఎర్ర సిరాతో సున్న చుట్టి మార్కు కోసేవారు. "గుమ్మం దాకా వచ్చి ఇంట్లోకి రానివాడిని వచ్చాడంటామా?" అనేవారు. అప్పట్లో అది చాదస్తం అనుకున్నాను. కాదని తెలుసుకోవడానికి నాకు ముప్పై అయిదేళ్లు పట్టింది. తెలియజెప్పింది పాల్ రన్యన్ అనే ఒక అమెరికన్ ఆటగాడు.

గోల్ఫ్ తెలియనివారికి ఒక్క మాట. వందల గజాల దూరంలో ఉన్న చిన్న గుంటలో బంతిని వీలైనన్ని తక్కువ దెబ్బల్లో వేయాలి. మన గోలీలాటకు పెదనాన్న లాంటి ఆట. అలాంటి గుంటలు 18. పెద్ద కోర్సుల్లో మొత్తానికి మంచి ఆటగాడికి సాధారణంగా 72 దెబ్బల లెక్క కడతారు. అందులో ఒక్కో గుంటకు రెండు చొప్పున 36 దెబ్బలు, అంటే సరిగ్గా సగం, గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన 'గ్రీన్' మీద బంతిని దొర్లించడానికే కేటాయింపు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేది మాత్రం మొదటి పెద్ద దెబ్బకు. గ్రీన్ దగ్గరికి వచ్చాక ఆడే చిన్న దెబ్బల్ని 'షార్ట్ గేమ్' అంటారు. ఆఖరి యాభై గజాల ఆట అనుకోండి.

నేను కూడా పెద్ద దెబ్బ మోజులోనే పడ్డాను. 51వ ఏట కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవడమే కష్టమైంది. కొన్ని నెలలు చెయ్యి పైకెత్తి కొట్టకూడదన్నారు డాక్టరుగారు. ఆట మానేద్దామనుకుంటుంటే తోటి ఆటగాడొకాయన పాత పుస్తకం ఒకటి చేతిలో పెట్టాడు. 1979లో రన్యన్ షార్ట్ గేమ్ మీద రాసింది. "దీనికి భుజం అక్కర్లేదు, బుర్ర ఉంటే చాలు" అన్నాడు.

రన్యన్ 1908లో ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్‌లో పుట్టాడు. పాడి రైతు కొడుకు. ఇతరుల గోల్ఫ్ సంచులు మోసే క్యాడీగా ఆటలోకి వచ్చాడు. ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు సుమారు 57 కిలోలు. ఎంత బలంగా కొట్టినా ఆనాటి మేటి ఆటగాళ్లతో సమానంగా బంతి వెళ్లేది కాదు. అయినా 1933లో తొమ్మిది టోర్నమెంట్లు గెలిచాడు. 1934లో పి.జి.ఎ. ఛాంపియన్‌షిప్ గెలిచాడు, ఆ ఏడు సంపాదనలోనూ అందరికంటే ముందున్నాడు. అతనికి 'లిటిల్ పాయిజన్' అని పేరు పెట్టారు. పిట్ట కొంచెం, కూత ఘనం అంటామే, అలాగన్నమాట.

1938లో పెన్సిల్వేనియాలోని షానీలో మళ్లీ పి.జి.ఎ. ఫైనల్‌కు వచ్చాడు. ఎదురుగా శామ్ స్నీడ్. 26 ఏళ్ల వస్తాదు, పొడవాటి దెబ్బలకు పెట్టింది పేరు. మొదటి దెబ్బకే స్నీడ్ బంతి రన్యన్ బంతిని దాటి పదుల గజాలు ముందుకు వెళ్లిపోయేది. గోల్ఫ్‌లో గుంటకు దూరంగా ఉన్నవాడే ముందు కొట్టాలి. అంటే రెండో దెబ్బ ఎప్పుడూ రన్యన్‌దే ముందు. వెనకబడటాన్నే అతను లాభం చేసుకున్నాడు. దూరం నుంచే బంతిని గుంట దరికి చేర్చేవాడు. అది చూశాక స్నీడ్‌కు చేతులు బిగుసుకుపోవా? ఒకవేళ బంతి గ్రీన్ తప్పి పక్కన పడినా, అక్కణ్ణించి ఒక చిన్న దెబ్బ, ఒక దొర్లింపు, లెక్క సరి. 36 గుంటల పోటీ 29 గుంటలకే ముగిసింది. ఎనిమిది గుంటల ఆధిక్యం, ఇంకా ఏడే మిగిలాయి. ఆ టోర్నమెంటు అలా ఇద్దరిద్దరి పోటీగా జరిగినంతకాలం, ఏ ఫైనల్లోనూ అంతకు మించిన తేడా రాలేదు.

అతను నేర్పే పద్ధతి ఇంజినీరుకు ఇట్టే నచ్చుతుంది. గ్రీన్ పక్కన బంతి ఉంటే గొప్పగా గాల్లోకి లేపాలని చూడొద్దు. బంతి గాల్లో ఎంత తక్కువసేపు ఉంటే తప్పుకు అంత తక్కువ చోటు. గ్రీన్ అంచు దాటగానే పడేట్టు వేసి, మిగతా దూరం దొర్లనివ్వాలి. రెండు అరచేతులూ ఎదురెదురుగా ఉండేట్టు కర్ర పట్టుకోవాలి, గ్రీన్ మీద దొర్లించేటప్పటిలాగే మణికట్టు విరగకుండా ఊపాలి. దూరం మారితే ఊపు మార్చడం కంటే కర్ర మార్చడం మేలు. వాలు ఎక్కువున్న కర్ర బంతిని లేపుతుంది, తక్కువున్నది దొర్లిస్తుంది. మిగతావన్నీ కదలకుండా ఉంచి ఒక్కదాన్నే మార్చడం. ప్రయోగశాలలో మన సైన్సు మాస్టారు చెప్పిందీ అదే కదా.

బంతి పడాల్సిన చోట తువ్వాలు పరిచి, రోజూ సాయంత్రం యాభై బంతులు వేసేవాణ్ణి. ఏ కర్రతో ఎంత గాల్లో, ఎంత నేల మీద అని అడుగులతో కొలిచి పట్టిక రాసుకున్నాను. తొమ్మిదో నంబరు కర్రతో నాకు గాల్లో ఒక వంతు, నేల మీద రెండు వంతులు. ఏడో నంబరుతో ఒకటికి నాలుగు. ఆరు నెలల తర్వాత, చెయ్యి పూర్తిగా లేవకుండానే, ఆరోగ్యంగా ఉన్నప్పటికంటే తక్కువ దెబ్బల్లో ఆట ముగించాను.

ఇక్కడితో ఆపితే ఇది ఆట కబురే. రన్యన్ గురించి చదువుతూ పోతే ఇంకో సంగతి కనబడింది. అది నాకు నిద్ర పట్టనివ్వలేదు.

జాక్ నిక్లాస్ పేరు గోల్ఫ్ తెలియనివారు కూడా వినే ఉంటారు. 1979 నాటికే 15 పెద్ద టోర్నమెంట్లు గెలిచినవాడు. ఆ ఏడాది మాత్రం ఒక్కటీ గెలవలేదు. వృత్తిలోకి వచ్చాక అలా జరగడం అదే మొదటిసారి. నలభై ఏళ్లు వచ్చాయి. అప్పుడు షార్ట్ గేమ్ నేర్పమని ఫిల్ రాడ్జర్స్ అనే తోటి ఆటగాణ్ణి అడిగాడు. రాడ్జర్స్ ఎన్నడూ అంత పెద్ద టోర్నమెంటు గెలవలేదు. కానీ అతను రన్యన్ దగ్గర నేర్చుకున్నవాడు. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పెద్ద టోర్నమెంట్లు గెలిచినవాడు, తనకంటే తక్కువ గెలిచినవాడి ముందు నిలబడి చిన్న దెబ్బలు మొదటినుంచీ నేర్చుకున్నాడు. 1980లోనే యు.ఎస్. ఓపెన్, పి.జి.ఎ. రెండూ గెలిచాడు.

ఇది చదివిన రాత్రి నాకు గుర్తుకొచ్చింది గోల్ఫ్ కాదు, ఒక పంపు. కార్యదర్శి క్షమించాలి, రెండు నిమిషాలు ఇంజినీరింగే.

కొన్నేళ్ల కిందట నా చేతి మీదుగా ఒక పెద్ద పంపు బిగించాం. వేడి ద్రవాన్ని తోడే పంపు. పునాది, పైపులు, మోటారు అన్నీ కలిపి ఆరు నెలల పని. చివరికి మిగిలింది పంపు ఇరుసు, మోటారు ఇరుసు ఒకే గీతలో ఉన్నాయా అని చూడటం. చల్లగా ఉన్నప్పుడు చూసి సరే అన్నాను. నా కింద పనిచేసే ఒక కుర్రాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు, "సార్, వేడెక్కాక ఒకసారి ఆపి మళ్లీ చూద్దామా" అన్నాడు. లోహం వేడికి పెరుగుతుంది, గీత తప్పుతుంది. ఎనిమిదో తరగతి పాఠం. "ఇరవయ్యేళ్లుగా చేస్తున్నాను, నువ్వు నాకు నేర్పుతావా" అన్నాను, నలుగురి ముందు.

మూడు వారాల్లో బేరింగులు పోయాయి. రెండు రోజులు పని ఆగిపోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది దేవుడి దయ. రిపోర్టు రాసింది నేనే. ఉష్ణ వ్యాకోచం వల్ల ఇరుసు గీత తప్పింది అని రాశాను. అబద్ధం కాదు. కానీ ఆ కుర్రాడు ముందే చెప్పాడని, నేను వినలేదని రాయలేదు. చివరి పంక్తి వదిలేశాను. మాస్టారు చూసి ఉంటే ఎర్ర సిరాతో సున్న చుట్టేవారు.

నిక్లాస్ సంగతి చదివిన మర్నాడు ఆ కుర్రాడి నంబరు వెతికి ఫోన్ చేశాను. అప్పటికే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. "నువ్వు చెప్పిందే సరైనది, నేను వినలేదు, రాయనూ లేదు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పర్లేదు సార్" అన్నాడు. పర్లేదన్నాడు కానీ, అతను గట్టిగా ఊపిరి వదలడం వినబడింది. ఇన్నేళ్లూ అది అతని దగ్గర ఉండిపోయిందని అప్పుడు తెలిసింది. మా ఆఫీసులో కూడా ఆ పాత రిపోర్టుకు ఒక పేరా చేర్చి సంతకం పెట్టాను. ఇప్పుడు మా కొత్త కుర్రాళ్ల దగ్గర కంప్యూటర్లో కొత్త పద్ధతులు నేర్చుకుంటున్నాను. అదేమంత తేలిక కాదు. వాళ్లు చాలా వేగంగా చెబుతారు, రెండోసారి అడగడానికి నోరు రాదు. అయినా అడుగుతున్నాను.

మాస్టారూ, ఇప్పుడు మీకు ఒక మాట చెప్పాలి. మేం పదో తరగతిలో ఉండగా బడికి మొదటి కంప్యూటర్ వచ్చింది. నేర్పడానికి మీసాలు సరిగ్గా రాని ఒక అబ్బాయి వచ్చేవాడు. మీకు అప్పటికే దాదాపు యాభై ఏళ్లు. మీరు మా పక్కన బెంచీ మీద కూర్చుని, చేతిలో నోటు పుస్తకంతో, ఆ అబ్బాయిని "సార్" అని పిలిచి సందేహాలు అడిగేవారు. వెనక వరుసలో కూర్చుని మేం నవ్వుకున్నాం. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను. మీకు వినబడే ఉంటుంది. మీరు వెనక్కి తిరగలేదు, రాసుకుంటూనే ఉన్నారు. ఆ రోజు మీరు నేర్పిన పాఠం ఇంత ఆలస్యంగా అర్థమైంది. నన్ను క్షమించండి.

ఇక ముగిస్తాను. నిన్న సాయంత్రం బడి చుట్టూ తిరిగాను. మన సంఘం కట్టించిన నీళ్ల ట్యాంకు చూశాను. గొప్ప పని. రాతి పలక మీద దాతల పేర్లున్నాయి, నాదీ ఉంది. దాని కిందున్న నాలుగు కుళాయిల్లో రెండింటికి తిప్పే పిడి లేదు. పిల్లలు ఒక గుడ్డ చుట్టి తిప్పుకుంటున్నారు. ట్యాంకు మన పెద్ద దెబ్బ, చప్పట్లు దానికి వచ్చాయి. పిల్లాడి దోసిట్లోకి నీళ్లు పడేది మాత్రం ఆ కుళాయి దగ్గరే.

పొద్దున్నే బజారుకెళ్లి రెండు కొత్త కుళాయిలు కొనుక్కొచ్చాను. పానా నా సంచిలో ఉంది. భోజనాలయ్యాక ఒకరిద్దరు నాతో వస్తే పావుగంట పని. వేసే పద్ధతి మీలో ఎవరికైనా నాకంటే బాగా తెలిస్తే చెప్పండి, నేర్చుకుంటాను.